న్యాయవాదుల నిరంతర విద్య – మన కర్తవ్యము

(కొత్తగా న్యాయవాద వృత్తిలో ప్రవేశించిన మన యువతీయువకులను అభినందించుటకై సంఘ మందిరమున జరిగిన సభలో చేసిన ప్రసంగపాఠము)



ఈ సంవత్సరము నల్లకోటు ధరించిన మన పిల్లలను అభినందించుటకై సంఘమువారు ఈ సభ నేర్పాటు చేసి, నాలుగు మాటలు చెప్పవలసినదని నన్ను కోరిరి. నేను న్యాయశాస్త్రము చదివినవాడను కాను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, తండ్రిగారి వెంట దుకాణమున కూర్చున్నవాడను. వకీళ్లకు హితవు చెప్పుటకు ఇతని కేమి యర్హత యని మీరు తలంపవచ్చును. నాకున్న యర్హత యొక్కటే. ఇరువది యేండ్లుగా నేను కోర్టు మెట్లెక్కి దిగుచున్న కక్షిదారుడను. వకీలుగారి విద్య యెంత లోతో కక్షిదారునకు తెలిసినట్లు మరొకరికి తెలియదు. ఏలయన అందలి కొరత వలన కలుగు నష్టమును భరించువాడు అతడే.

బరంపురము కోర్టు మనకు కొత్త కాదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా ప్రత్యేక రాష్ట్రముగా నేర్పడువరకు మన గంజాము మద్రాసు రాజధానిలో చేరియుండెను. మన తాతల దావాలపై అప్పీళ్లు చెన్నపట్టణపు హైకోర్టుకు పోయెడివి. తరువాత పాట్నా హైకోర్టు అధికారము క్రిందికి వచ్చితిమి. 1948 జూలై 26వ తేదీన కటకమున ఒరిస్సా హైకోర్టు వెలసినది. వరాహగిరి వేంకట జోగయ్యపంతులుగారు ఈ పట్టణమున పేరెన్నిక గన్న వకీలు. వారి కుమారులు వి.వి.గిరిగారు 1894లో ఇచ్చటనే జన్మించి, ఐర్లండు దేశమునందలి డబ్లిను నగరమున న్యాయశాస్త్ర మభ్యసించి, 1916లో తిరిగివచ్చి మద్రాసు హైకోర్టున నమోదైరి. 1920లో గాంధీమహాత్ముని పిలుపు విని వృత్తిని విడిచి, 1969లో రాష్ట్రపతి పదవి నలంకరించిరి. ఈ మాటలు మనము ప్రతి సభలోను చెప్పుకొనుచునే యున్నాము. చెప్పుకొని ఇంటికి పోవుచున్నాము. నేడు నేను పెద్దల కీర్తిని గాక, వారి తరము వకీళ్ల అలవాటు నొకదానిని జ్ఞాపకము చేయదలచితిని. నా బాల్యమున మా తండ్రిగారి వకీలు యొద్ద ఒక వృద్ధ గుమాస్తా యుండెడివారు. ఆయన తెలుగు దస్తావేజును చేతబట్టి, గొలుసుకట్టు వ్రాతను తడబడకుండ చదివి, దాని యర్థమును ఒడియాలో వకీలుగారికి చెప్పి, ఇంగ్లీషున ముసాయిదా వ్రాసి యిచ్చెడివారు. అట్టివారు నేడు వ్రేళ్లపై లెక్కింపదగినంతమంది కూడ లేరు.

దీనివలన కలుగు నష్ట మెట్టిదో మా యింటి సంగతి యొకటి చెప్పెదను. ఇందులో నా దోషమును కలదు గనుక దాచక చెప్పెదను.

మా మేనత్తగారి మామగారు 1931లో తమ యింటి వెనుకనున్న రెండు గదుల కొట్టును ఒక వర్తకునకు భోగ్యపు తనఖా పెట్టిరి. భోగ్యపు తనఖా యనగా, అప్పిచ్చినవాడు వడ్డీకి బదులుగా ఆస్తిని తాననుభవించును. అసలు తీరిన దినమున దానిని యజమానునకు తిరిగి స్వాధీనము చేయవలెను. పత్రము తెలుగున నున్నది. రిజిస్టరీ అయినది. కాలక్రమమున అప్పు సంగతి అందరును మరచిరి. 2016లో ఆ కొట్టును పడగొట్టి కొత్త కట్టడము లేపుటకు అవతలివారు పూనుకొనగా, అత్తగారు పెట్టె అడుగున నున్న పత్రమును తీసికొని నా యొద్దకు వచ్చిరి. నేను ఆమెను నాకు పరిచయమున్న ఒక వకీలుగారి యొద్దకు తోడ్కొనిపోతిని.

ఆయన మంచివారు, ఫీజు కూడ తగ్గించి పుచ్చుకొనిరి. కాని వారికి తెలుగు చదువ రాదు. పత్రమును పూర్తిగా తర్జుమా చేయింపలేదు. ఎవరో పైనున్న నాలుగు పంక్తులు చూచి, “ఇది పాత తనఖా” యని చెప్పిరి. వకీలుగారు సంవత్సరము లెక్కించి, “విడిపించుకొనుటకు ముప్పది యేండ్లు గడువు. అది ఎన్నడో దాటిపోయినది. ఇచ్చినంత పుచ్చుకొనుట మేలు” అనిరి. నేనును తలయూచితిని. 2017లో అత్తగారు నలుబది వేల రూపాయలకు రాజీపత్రముపై సంతకము చేసిరి.

రెండేండ్ల పిమ్మట మన వీధిలోని ఒక అమ్మాయి, అప్పుడే వకీలైనది, వేరొక పనిమీద మా యింటికి వచ్చి ఆ పత్రపు నకలును మొదటినుండి తుదివరకు చదివినది. “మామయ్యగారూ, ఇది ఉత్త తనఖా కాదు, భోగ్యపు తనఖా. వీటి గడువును గూర్చి సుప్రీముకోర్టు 2014లోనే చెప్పినది గదా” యనినది. సింగ్ రాం, షియో రాం అను వారి వ్యాజ్యములో 2014 ఆగస్టున ఇచ్చిన తీర్పది. భోగ్యపు తనఖాలో, తనఖా వ్రాసిన తేదీనుండి ముప్పది యేండ్లు గడచినంత మాత్రమున విడిపించుకొను హక్కు నశింపదు. అసలు సొమ్ము అనుభవము వలన గాని చెల్లింపు వలన గాని తీరిన పిదపనే గడువు మొదలగునని దాని సారాంశము.

దావా వేసియుండినచో గెలిచియుండెడివారమని నేను చెప్పజాలను. అవతలివారికిని చెప్పుకొనుటకు కొన్ని మాటలుండవచ్చును. కాని మేము వాదించి ఓడలేదు; వాదింపకయే ఓడితిమి. ఈ సంగతి తెలిసిన దినమున అత్తగారు నన్ను కోపగింపలేదు. “నాయనా, కాగితము మన భాషలోనే యున్నది గదా, చదివేవాళ్లు లేకపోయారా?” అని మాత్రమడిగిరి. ఆమె యిప్పుడు లేరు. ఆ ప్రశ్నకు నేను నేటివరకు సమాధానము చెప్పలేదు. ఈ సభలో చెప్పుటకు ప్రయత్నించుచున్నాను.

సోదరులారా, ఆ వకీలుగారు మోసగించినవారు కారు. వారు చదువుట మానినవారు. ముప్పది యేండ్లనాడు నేర్చినది నేటికిని చాలునని నమ్మినవారు. మన యిండ్లలో ఉగాదినాడు కొత్త పంచాంగము కొందుము. పోయిన యేటి పంచాంగము చూచి ఎవరును పెండ్లి ముహూర్తము పెట్టరు. న్యాయమునకు మాత్రము పాత పంచాంగము చాలునా?

ఈ కొన్ని సంవత్సరములలో మారినదెంతయో చూడుడు. 2024 జూలై 1వ తేదీనుండి 1860 నాటి శిక్షాస్మృతికి బదులు భారతీయ న్యాయ సంహిత, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడునకు బదులు భారతీయ నాగరిక సురక్షా సంహిత, 1872 నాటి సాక్ష్య చట్టమునకు బదులు భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినవి. మన బజారులో మోసగానిని “ఫోర్ ట్వంటీ” యని తిట్టుట వాడుక. కొత్త సంహితలో ఆ నేరము 318వ సెక్షనులోనికి పోయినది. తిట్టు మారకున్నను నష్టము లేదు. ఫిర్యాదులో అంకె మారకున్న నష్టమే. అంతమాత్రమున పాత పుస్తకములను పారవేయరాదు. ఆ తేదీకి పూర్వము జరిగిన నేరములకు పాత శిక్షాస్మృతియే వర్తించును. కనుక నేటి వకీలునకు రెండు విద్యలును కావలయును.

వర్తకులకు సంబంధించిన సంగతి యొకటి చెప్పెదను. మనము నేడు సరకు ఆర్డర్లు వాట్సాపులో పుచ్చుకొనుచున్నాము. బాకీ ఒప్పుకొన్న మాట ఫోనులో నుండును. దానిని కోర్టులో దాఖలు చేయవలెనన్న కొత్త సాక్ష్య అధినియమపు 63వ సెక్షను ప్రకారము ధ్రువపత్రము కావలెను. అందు రెండు భాగములు: ఒకటి దాఖలు చేయువారిది, రెండవది నిపుణునిది. ఆ దాఖలా మార్పు చెందలేదని చూపుటకు హ్యాష్ అను గుర్తు సంఖ్యను కూడ అందు వ్రాయవలెను. ఇది తెలియని వకీలు ఫోను తెర బొమ్మను కాగితముపై అచ్చువేసి దాఖలు చేసి, ఆనక అవతలివారు ఆక్షేపించినపుడు తెల్లబోవును. మన చిట్టా ఆవర్జాల సంగతియు అంతే. క్రమముగా వ్రాసిన లెక్కల పుస్తకములు సాక్ష్యమే గాని, అవి మాత్రమే చూపి ఒకని తలపై బాకీ రుద్దుటకు వీలులేదు. ఈ నియమము పాత చట్టములోను కలదు, కొత్తదానిలోను కలదు. ఇక చెల్లని చెక్కు విషయమున బ్యాంకు నుండి సమాచారమందిన 30 దినములలో నోటీసు ఇయ్యవలెను. నోటీసు అందిన పిదప అవతలివానికి 15 దినములు వ్యవధి. అప్పటికిని చెల్లింపనిచో నెలలోపల ఫిర్యాదు. వకీలు ఏమరియుండగా ఆ మొదటి 30 దినములు జారిపోయి, ఆ చెక్కుపై క్రిమినలు ఫిర్యాదునకు దారి లేక చేతులు నలుపుకొన్న వర్తకులు ఈ సభలోనే యున్నారు.

చదువు నిలుపకుండుట యెవరి బాధ్యత? మన లెక్కలు తనిఖీ చేయు చార్టర్డు అకౌంటెంటులకు, వారి సంస్థ నియమము ప్రకారము, వృత్తిలో నున్నంతకాలము ఇన్ని గంటలు చదువవలెనను కట్టడి కలదు. వకీళ్లకు మన దేశమున అట్టి నిర్బంధము లేదు. పట్టా పుచ్చుకొని, అఖిలభారత బారు పరీక్షలో నెగ్గినచో, ఆపైన జీవితాంతము ఒక్క పుట తిప్పకున్నను అడుగువారు లేరు. ఇంగ్లండులో సొలిసిటర్లకు ఏడాదికి ఇన్ని గంటలను లెక్క యుండెడిది. 2016లో దానిని తీసివేసి, నీకు కొరవడిన విద్య యేదో నీవే గుర్తించి నేర్చి, నేర్చితినని చెప్పవలెనను పద్ధతి పెట్టిరి. గంటలు లెక్కించుటకన్న ఇదియే మేలని నాకు తోచును. తరగతిలో కూర్చున్నవా రెల్లరు నేర్చినవారు కారు గదా.

మరొక సంగతి ఆలోచింపుడు. నేను నాసిరకము సరకు అమ్మినచో నన్ను వినియోగదారుల కమిషనునకు ఈడ్వవచ్చును. వకీలు సేవలు ఆ చట్టము క్రిందికి రావని 2024 మే 14న సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. బారు కౌన్సిలునకు ఫిర్యాదు చేయుట, సివిలు కోర్టున నష్టపరిహారమడుగుట అను దారులు మిగిలియే యున్నవి; కాని అవి సామాన్యునకు దుర్గమములు. ఈ తీర్పు మీకు గౌరవము. గౌరవము పెరిగినకొలది బాధ్యతయు పెరుగవలెను. బయటివారి తనిఖీ తగ్గినచోట మనస్సాక్షియే తనిఖీ చేయవలెను.

ఈ మధ్య యంత్రములు కూడ ముసాయిదాలు వ్రాయుచున్నవి. వానిని వాడవలదని నేననను. నా దుకాణమునను కంప్యూటరు కలదు. అయితే 2023లో అమెరికా దేశమున న్యూయార్కు నగరపు కోర్టులో జరిగినది గుర్తుంచుకొనుడు. ఇద్దరు వకీళ్లు కృత్రిమ మేధ యిచ్చిన తీర్పులను సరిచూడక దాఖలు చేసిరి. తీరా చూడగా అట్టి తీర్పులే లేవు. కోర్టువారు వారికిని వారి సంస్థకును కలిపి 5,000 డాలర్లు జరిమానా విధించిరి. జరిమానా చిన్నదే, పోయిన మాట పెద్దది. ఒక తీర్పును పేర్కొనుటకు ముందు దానిని కన్నులార చదువుట వకీలు వృత్తికి మొదటి మెట్టు.

ఇక భాష సంగతి. ఇందు మనవారికి ఒక భ్రమ కలదు. రాజ్యాంగము 350వ అధికరణము ప్రకారము మన కష్టమును గూర్చిన అర్జీని రాష్ట్రమున వాడుకలోనున్న యే భాషలోనైనను అధికారికి సమర్పింపవచ్చును. అది నిజము. కాని ఆ హక్కు దావాపత్రములకు వర్తింపదు. క్రింది కోర్టుల భాషను నిర్ణయించు అధికారము రాష్ట్ర ప్రభుత్వమునకు కలదు. సివిలు ప్రొసీజరు కోడు 137వ సెక్షను, సురక్షా సంహిత 307వ సెక్షను ఈ మాటయే చెప్పుచున్నవి. మన జిల్లాలో వ్యవహారము ఇంగ్లీషు, ఒడియాలలో నడచును. కనుక మన యువ వకీళ్లు ఒడియాను చక్కగా, వాదించుటకు తగినంతగా నేర్వవలెను. ఒడియా మనము పుట్టిన నేల భాష, మన యిరుగుపొరుగుల భాష. దానిని నేర్చుట తెలుగును విడుచుట కాదు. అదే విధముగా, తెలుగు తప్ప మరొకటి రాని మన ముసలమ్మ సాక్ష్యము చెప్పునపుడు, ఆమె మాట కోర్టు భాషలోనికి సరిగా తర్జుమా కావలెనని పట్టుబట్టుట వకీలు ధర్మము. ఆమె “ఇచ్చినాను” అనినది “అమ్మినాను” అని రికార్డు కెక్కినచో ఆస్తియే చేయి మారును.

మన పాత దస్తావేజులు చదువుట నేడు ఒక ప్రత్యేక విద్య. భాష తెలిసినంత మాత్రమున చాలదు. చెక్కుబందీ యనగా నాలుగు దిక్కుల హద్దులని తెలియవలెను. ఫసలీకి 590 కూడినచో ఇంగ్లీషు సంవత్సరము వచ్చునని, మద్రాసు రాజధానిలో ఫసలీ జూలై నెలలో మొదలిడునని తెలియవలెను; 1340 ఫసలీ యనగా 1930 జూలై నుండి 1931 జూన్ వరకు. ప్రజోత్పత్తి యని మాత్రమే వ్రాసియున్నచో అది 1871 కావచ్చును, 1931 కావచ్చును, 1991 కావచ్చును. స్టాంపు కాగితమును చూచి తేల్చుకొనవలెను. దానపట్టా, వీలునామా, పారీఖత్తు, భోగ్యము, క్రయము – వీని భేద మెరుగవలెను. ముప్పది యేండ్లు దాటిన పత్రము తగినవారి స్వాధీనమునుండి వచ్చినచో, దానిపై నున్న వ్రాతను, సంతకమును నిజమైనవిగా భావించుటకు సాక్ష్య అధినియమపు 92వ సెక్షను కోర్టునకు అవకాశమిచ్చుచున్నది. అనగా మన పెట్టెల అడుగున నున్నవి చిత్తుకాగితములు కావు. వానిని చదువగలవారు కావలెను.

కావున నా సూచనలు మూడు. మొదటిది: నెలలో ఒక ఆదివారము ఈ మందిరమున దస్తావేజు పఠనము జరుగవలెను. ఇంటివారు నకళ్లు తెత్తురుగాక. తెలిసిన వృద్ధులు చదువుదురుగాక. యువ వకీళ్లు, లింగరాజ్ లా కాలేజీ విద్యార్థులు కూర్చుండి నేర్తురుగాక. తెలుగు రాని ఒడియా మిత్రులైన వకీళ్లను కూడ పిలువవలెను. మన దావాలు వారి చేతులలోను ఉన్నవి గదా. రెండవది: అదే దినమున ఒక యువ వకీలు ఆ నెలలో వచ్చిన యొక కొత్త తీర్పును మనకు తెలుగున వివరింపవలెను. సుప్రీముకోర్టు తీర్పులు ఒడియా, తెలుగు మొదలగు భాషలలోను అంతర్జాలమున క్రమక్రమముగా లభించుచున్నవి. ఆ తర్జుమాలు తెలిసికొనుటకు మాత్రమే. వాదించుటకు మూలమే చూడవలెను. మాబోటి మెట్రిక్యులేషనువారికి అర్థమగునట్లు చెప్పగలిగిన వకీలునకు ఆ తీర్పు తనకును బాగుగా నర్థమైనట్లే.

మూడవది సొమ్ముకు సంబంధించినది. ఒడిశాలో వకీలుగా నమోదగుటకు లోగడ నలుబది రెండు వేలకు పైగా చెల్లించవలసి యుండెను. చట్టములో నున్న 750 రూపాయలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి 125 రూపాయలకు మించి వసూలు చేయరాదని 2024 జూలై 30న సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. తలుపు తెరచుకొనినది, లోపల కూర్చుండుటకు పీట లేదు. జూనియరునకు మొదటి మూడు నాలుగేండ్లు చేతికి వచ్చునది స్వల్పము. పట్టణములలో నెలకు 20,000, గ్రామములలో 15,000 రూపాయలకు తక్కువ కాకుండ ఇయ్యవలెనని 2024 అక్టోబరులో భారత బారు కౌన్సిలువారు సీనియర్లకు సూచించిరి. అది సూచనయే గాని శాసనము కాదు. ఆకలిగొన్న జూనియరు చదువడు. దొరికిన కాగితముపై సంతకము పెట్టును. కావున సంఘము ఒక సహాయనిధి నెలకొల్పవలెను. నా దుకాణము పక్షమున ఒక జూనియరునకు ఒక యేడాది నెలకు మూడువేల రూపాయలు ఇచ్చుటకు ఈ సభాముఖమున మాట ఇచ్చుచున్నాను. తీసికొను పిల్లవాడు గాని, పిల్ల గాని నాకు ఋణపడనక్కరలేదు. నెలకొక పాత పత్రమును చదివి పెట్టిన చాలును.

కక్షిదారులమైన మనకును కొన్ని విధులు కలవు. పూర్తి కాగితములు వకీలుచేతి కిత్తము. దాచుకొనిన కాగితమే దావాను చెరచును. చదివి వినిపింపనిదే ఏ రాజీపత్రముపైనను సంతకము చేయవలదు. “ఈ విషయమున కొత్త తీర్పేమైనను కలదా?” అని వకీలును మర్యాదగా అడుగుడు, మంచి వకీలు ఆ ప్రశ్నకు కోపగింపడు. బీదవారమని వెనుదీయవలదు. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయము 1987 నాటి చట్టము వలన లభించును. మా మేనత్తగారికిని అది లభించియుండెడిది. నాకు తెలియలేదు, తెలిసికొనవలెననియు తోచలేదు. అదియే నా దోషము.

యువ వకీళ్లారా, మీకు పూలదండలు వేసితిమి. సాయంకాలమునకు అవి వాడిపోవును. మీరు ఇంటికి పోయి, మీ యమ్మమ్మ పెట్టెలోని ఒక కాగితమును తీసి, మొదటి పంక్తినుండి చివరి సాక్షి సంతకమువరకు చదువుడు. తెలియని మాటలను వ్రాసికొని వచ్చే ఆదివారము ఈ మందిరమునకు తెండు. మా మేనత్తగారు అడిగిన ప్రశ్నకు మనము చెప్పగల సమాధాన మదియే.